తొమ్మిది పిన్నుల పోర్టు

మా ఇంట్లో వాడిన వస్తువును అమ్మే అలవాటు లేదు. ఇచ్చేస్తాం. ఇచ్చేటప్పుడు వెల అడగనివ్వం, ఇచ్చాక దాని ఊసెత్తం. తాతగారు కట్టించిన పెద్ద బంగళా, మా దేవిడి, చేతులు మారింది, దాని చుట్టూ ఉన్న తోట ప్లాట్లయింది, ఈ అలవాటు మాత్రం చెక్కుచెదరకుండా నా దాకా వచ్చింది. ఇప్పుడు సంతోష్‌నగర్‌లో రెండు అద్దె గదుల్లో ఉంటాను. ఆ రెండు గదుల్లోంచి కూడా వస్తువులు అలాగే దర్జాగా బయటికి వెళ్తాయి. నా పాత ల్యాప్‌టాప్ అలాగే వెళ్ళింది. అది వెళ్ళిన పదిహేను రోజులకు దాని వెనక నేను తీసిన పరుగు తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు నిలవవు. అంత హుషారుగా నేను అంతకుముందు ఎప్పుడూ లేను.

నేను చేసే పనిని పంచింగ్ అంటారు. బట్ట మీద పూలు కుట్టే కంప్యూటర్ మిషన్‌కు తనంతట తాను ఏమీ తెలియదు. సూది ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, దారం ఎక్కడ తెంపాలి, అన్నీ ఒక్కొక్క కుట్టుగా కంప్యూటర్‌లో రాసి దానికి అందించాలి. ఒక మామిడిపిందెకు నాలుగైదు వేల కుట్లు. మా నాయనమ్మ దుపట్టాల అంచులు చూసి పెరిగిన కళ్ళు నావి. జరీ ఎక్కడ వంగితే అందమో, ఎక్కడ వంగితే చవకబారుగా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ పని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. పైగా గర్వమే.

నా డిజైన్లు ఎక్కువగా వెళ్ళేది యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఉన్న ఒక కార్ఖానాకు. దాన్ని నడిపేది ఒక పెద్దావిడ. గల్లీ అంతా ఆమెను ఆపా అంటుంది, నేనూ అంతే. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఒక గది, ఒకే ఒక్క మిషన్. ఎక్కడో విదేశంలో తయారై, అక్కడ వాడకం అయిపోయాక ఇక్కడికి వచ్చిన మిషన్ అది. ఇనుప మంచమంత ఉంటుంది. దాని కుట్టు మాత్రం నిన్న కొన్న మిషన్లు కూడా కుట్టలేవు. దానికి ఒకటే జబ్బు. లోపల జ్ఞాపకాన్ని నిలిపే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, అలాంటిది ఇప్పుడు దొరకదు. కరెంటు పోతే చాలు, అప్పటిదాకా నేర్చుకున్న డిజైన్ అంతా మరిచిపోతుంది. మళ్ళీ ల్యాప్‌టాప్ తగిలించి మొదటి నుంచీ చెప్పాలి. అందుకే ఆపా వెయ్యి కుట్లకోసారి మిషన్ మీది కుట్ల నంబరు చూసి గోడ మీద పెన్సిల్‌తో రాసుకుంటుంది. కరెంటు వచ్చాక ఆ నంబరు దగ్గరికి, అక్కడి నుంచి కుట్టు ఆగిన చోటికి తీసుకుపోయి సూదిని దింపుతుంది. ఆ గోడ మీద సున్నం కంటే అంకెలే ఎక్కువ.

ఇక నా పాత ల్యాప్‌టాప్. నేను ఒకప్పుడు పనిచేసిన ఆఫీసు మూతపడిన రోజున గుర్తుగా ఉంచుకోమని ఇచ్చారు. నల్లగా, మందంగా, ఇటుక లాగా ఉండేది. దాని చుట్టూ అన్నీ రంధ్రాలే. ప్రొజెక్టర్ వైరుకొకటి, లావుపాటి నెట్ వైరుకొకటి, వెనక వైపు తొమ్మిది సన్నని పిన్నులు రెండు వరసలుగా ఉన్న పోర్టు ఒకటి. ఆపా మిషన్ నుంచి వచ్చే బొటనవేలంత వైరు సరిగ్గా ఆ తొమ్మిది పిన్నుల మీద కూర్చునేది. రెండు వైపులా మరలు బిగించేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలా బిగిస్తూ కూడా ఆ పోర్టును నేను ఒక్కసారీ సరిగ్గా చూడలేదు.

ఒకరోజు ఆపాతో కలిసి కొత్త నగరం వైపు ఒక పెళ్ళిబట్టల షాపుకు వెళ్ళాను. మా పని ఎక్కువగా వచ్చేది ఆ షాపు నుంచే. గాజు బల్ల మీద నా ల్యాప్‌టాప్ పెట్టి తెరిచాను. బల్ల అవతలి అమ్మాయి దాన్ని చూసి పెదవి బిగించి నవ్వాపుకుంది. నోటితో అన్నా బాగుండేది. ఆ వారంలోనే నేను మార్కెట్‌లో దొరికే వాటిలో అన్నిటికంటే పలచని ల్యాప్‌టాప్ కొన్నాను. వెండి రంగు, వేలితో తాకితే కదిలే తెర, ముఖం చూసి తెరుచుకునే తాళం. చంకలో పెట్టుకుంటే ఫైలు పెట్టుకున్నట్టు ఉండేది.

మా గల్లీ మొదట్లో ఒక పాల కేంద్రం ఉంది. చుట్టుపక్కల బర్రెలున్నవాళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అక్కడికి క్యాన్లు తెచ్చి పాలు పోస్తారు. కేంద్రం నడిపే ఆమెను అందరూ అక్క అంటారు. నా వయసే ఉంటుంది, గొంతు మాత్రం నాకు రెండింతలు. పాలలో వెన్న ఎంతుందో చెప్పే మిషన్ ఒకటి ఆమె దగ్గరుంది. దాని వైరు కంప్యూటర్‌కు వెళ్తుంది, కంప్యూటర్ చీటీ కొడుతుంది. ఆ కంప్యూటర్ కాలిపోయింది. పాతదేదైనా అమ్ముతారా అని ఆమె గల్లీ అంతా అడుగుతుంటే విన్నాను. వెంటనే నా నల్ల ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టాను.

"ఎంతియ్యాలె దొరా?" అంది.

"ఆ మాట ఎత్తొద్దక్కా. ఉంచుకో."

మర్నాడు ఇంటికి చెంబెడు పాలు పంపింది. తిప్పి పంపాను. ఇచ్చినదానికి బదులుగా వచ్చేదేదీ మా గడప దాటి లోపలికి రాకూడదు. "దొర కడుపుల పాలు అరుగయేమో పాపం," అని ఆమె లైనులో వాళ్ళందరికీ వినపడేలా అన్నదని తర్వాత తెలిసింది.

ఆ తర్వాతే పెద్ద ఆర్డరు వచ్చింది. ఒకే పెళ్ళికి ఐదు ఖడా దుపట్టాలు, మా వైపు పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు కప్పుకునే పొడవాటివి; పెళ్ళికూతురికి ఒకటి, నలుగురు అక్కచెల్లెళ్ళకు నాలుగు. ఒక్కొక్కటి ఆరు గజాలు, చుట్టూ జరీ అంచు. రోజుకొకటి చొప్పున ఐదు రోజుల్లో అయిపోవాలి. ఐదో రోజు సాయంత్రం షాపు కారు వస్తుంది. ఆలస్యమైతే ఇక మీదట పనంతా కొత్త మిషన్లున్న వేరే చోటికి ఇస్తామని షాపువాళ్ళు ఆపాకు ముందే చెప్పారు.

"ఈ ఆర్డర్ గయా తో నా మిషిన్ సీదా లోహేవాలా దుకాణంల పాత ఇనుము కింద పడ్తది," అంది ఆపా. నవ్వుతూనే అంది. కానీ చేయి మిషన్ మీదనే ఉంది, పశువును నిమిరినట్టు.

"ఫికర్ చెయ్యకండి ఆపా. నేను మాటిస్తున్న," అన్నాను. మా ఇంట్లో మాట ఇవ్వడం కూడా వస్తువు ఇచ్చినట్టే. తిరిగి తీసుకోవడం ఉండదు.

మొదటి రోజు పొద్దున్నే డిజైన్ సిద్ధం చేసుకుని, వెండి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళ్ళాను. ఆపా మిషన్ వైరు నా చేతికిచ్చింది. ల్యాప్‌టాప్‌ను ఎడమ వైపుకు తిప్పాను. కందిగింజంత రంధ్రాలు రెండున్నాయి. కుడి వైపుకు తిప్పాను. ఏమీ లేదు. వెనక్కి తిప్పాను. అద్దంలా నున్నగా ఉంది. బోర్లించాను.

"నవాబ్ సాబ్, రొట్టె కాలుస్తున్నరా, అటుదిటు ఇటుదటు?" అంది ఆపా.

"దీనికి ఆ పోర్టు లేదు ఆపా."

"కొత్తది కదా?"

"కొత్తది కాబట్టే లేదు."

ఆమె వైరును ఒక చేత్తో, నా ల్యాప్‌టాప్‌ను ఇంకో చేత్తో పట్టుకుని రెండింటినీ తూచినట్టు చూసింది. వైరే బరువుగా ఉన్నట్టుంది. "దీంతోని ఈగలు కొట్టొచ్చు," అని నాకు తిరిగి ఇచ్చేసింది.

గల్లీ చివర ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఒక భాయ్ ఉన్నాడు. పరుగెత్తాను. నా వంశంలో గల్లీలో పరుగెత్తిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. ఆయన ఒక చిన్న డబ్బా తీసి ఆ కందిగింజ రంధ్రానికి తగిలించాడు, ఆ డబ్బాకు ఇంకో వైరు, ఆ వైరు చివర తొమ్మిది పిన్నులు.

"నడుస్తదా?" అన్నాను.

"నడిస్తే నడుస్తది," అన్నాడు.

నడిచింది. రెండు వేల కుట్ల దాకా చక్కగా నడిచింది. ఆ తర్వాత మామిడిపిందె మెడ దగ్గర సూది పక్కకు జరిగి, బట్టకు అడ్డంగా ఒక గీత కుట్టి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు పువ్వు కుట్టసాగింది. నా అదృష్టం, అది పరీక్షకు పెట్టిన పాత గుడ్డ. ఆపా గుడ్డను విప్పి నా ముందు పెట్టింది. మామిడిపిందెను ఎవరో కలంతో అడ్డంగా కొట్టేసినట్టుంది.

గుడ్డతో సహా మళ్ళీ భాయ్ దగ్గరికి పోయి, పాత ల్యాప్‌టాప్ సంగతి కూడా చెప్పాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, నన్ను స్టూలు మీద కూర్చోమన్నాడు. ఆ రోజు ఆయన చెప్పింది నేను ఇంకెవరి నుంచీ వినలేదు.

"మిషిన్ మెల్లగ తింటది, ల్యాప్‌టాప్ జల్ది జల్ది పెడ్తది. కడుపు నిండంగనే మిషిన్ ఆగు అంటది. గా తొమ్మిది పిన్నుల్ల ఆ మాట చెప్పెతందుకే వేరే పిన్ను ఉంటది. మీ పాత డబ్బాల పోర్టు సీదా బోర్డు మీదనే ఉండె, మిషిన్ ఆగు అంటే వెంటనే ఆగుతుండె. గీ సస్తా చవక వైరుకు చెవులు సరిగ లేవు. అది ఆగు అన్నది, ఇది ఆగలే. నడుమల కొన్ని కుట్లు కింద పడిపోయినయి. గంతే."

"మరి కొత్తవాటిల ఆ పోర్టు ఎందుకు తీసేసిండ్రు?"

"ఇంట్ల కూసోని సినిమా చూసెటోడికి గది ఎందుకన్నా? వానికి సన్నగుండాలె, బరువుండొద్దు, తెర మెరవాలె. ఆఫీసోడు గట్ల కాదు. ఆఫీసోడు ల్యాప్‌టాప్ కొనడు. ఆ ల్యాప్‌టాప్ అవతల ఏమున్నదో దానికోసం కొంటడు." ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఊపుతూ చెప్పుకుపోతున్నాడు. "మీటింగ్ గదిల పాత ప్రొజెక్టర్ ఉంటది. గోడల నెట్ వైరు ఉంటది. కార్ఖానల మిషిన్ ఉంటది, దవాఖానల రక్తం చూసే మిషిన్ ఉంటది. ల్యాప్‌టాప్ మూడు నాలుగేండ్లకు మారుస్తరు. మిషిన్‌ను మారుస్తరా? ముప్పై ఏండ్లు నడుపుతరు. ల్యాప్‌టాప్ అటు దిక్కు మాట్లాడకపోతే ఎంత తెలివి ఉంటే ఏం ఫాయిదా? ఇప్పుడొచ్చే ఆఫీసు ల్యాప్‌టాప్‌లు కూడ జర మందంగుంటయి, పాత రంధ్రాలు ఉంచుకుంటయి. ఉంచుకుంటెనే వాళ్లు కొంటరు. గా తొమ్మిది పిన్నులది మాత్రం ఇప్పుడు మస్తు తక్కువ."

"నీ దగ్గర ఉన్నదా ఒకటి?"

"వచ్చింది వచ్చినట్టే పోతది అన్నా. కార్ఖానలోళ్లు ఎగరేసుకపోతరు. పోయిన వారం ఒకటి పోయింది. ఇప్పుడు లేదు."

నేను ఆ స్టూలు మీద కూర్చుని సంతోషపడుతున్నానని చెబితే నమ్మరేమో. పని ఆగిపోయింది, మాట పోయేలా ఉంది, కానీ నా లోపల ఏదో వెలిగింది. ఇన్నాళ్ళూ నేను సిగ్గుపడిన ఆ మందం, ఆ రంధ్రాలు, ఆ ఇటుక రూపం వెనక ఒక ఆలోచన ఉందన్నమాట. ఎవరో ఎక్కడో కూర్చుని, ఆపాలాంటి వాళ్ళ మిషన్ ఇంకా బతికే ఉంటుందని గుర్తుపెట్టుకుని ఆ తొమ్మిది పిన్నులు తీయకుండా ఉంచారు. కొత్తగా కనిపించడం కంటే పాతవాళ్ళతో మాట కలిపి ఉండటం ముఖ్యమనుకున్నారు. ఇంతకంటే పెద్దింటి, ఖాందానీ లక్షణం ఇంకేముంటుంది? నేనేమో దాన్ని ఒక అమ్మాయి నవ్వు చూసి ఇచ్చేశాను.

ఇచ్చేశాను. చిక్కంతా అక్కడే ఉంది. తిరిగి అడగలేను. అడగకపోతే ఆపాకిచ్చిన మాట నిలవదు. నడుచుకుంటూ సంతోష్‌నగర్ చేరేదాకా ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. కేంద్రం దగ్గరికి వెళ్ళేసరికి పొద్దుటి పాలు అయిపోయి, అక్క నేల కడుగుతోంది. కౌంటర్ మీద నా నల్ల ల్యాప్‌టాప్ మూత వేసి ఉంది. మూత మీద అప్పుడే నాలుగు పాల చుక్కలు.

"ఏంది దొరా, ఈ యాళ్లకు?"

"ఏం లేదక్కా. మంచిగ నడుస్తున్నదా అని చూడొచ్చిన."

"గుర్రం లెక్క నడుస్తున్నది."

"సాయంత్రం దాక ఖాళీగనే ఉంటదా?"

"ఉంటది."

"ఖాళీగ ఉంటే మిషిన్లు పాడైతయంటరు."

ఆమె చీపురు గోడకు ఆనించి నడుం మీద చేయి పెట్టుకుంది. "దొరా, మీకేమన్న కావాల్నా?"

"ఇచ్చింది తిరిగి అడిగే అలవాటు మాకు లేదక్కా."

"మరి ఏమడుగుతున్నరు?"

మూత మీది ఒక పాల చుక్కను వేలితో తుడిచాను. ఆమె ఆగింది. చీపురు మళ్ళీ అందుకోబోయింది కూడా.

"చేబదులు," అన్నాను. "పగటి పూట. ఐదు రోజులు. పాల టైముకు తెచ్చిస్త."

"గిదా ముచ్చట. బదులియ్యి అక్కా అంటే నోరు అరుగుతదా?" ల్యాప్‌టాప్‌ను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "సాయంత్రం నాలుగున్నరకు ఈడ ఉండాలె. పై డెయిరీ వాళ్లు చేతితోని రాసిన చీటీ తీసుకోరు. పాలోళ్లు గూడ నేను రాసింది నమ్మరు. లేటైతే నా లొల్లి గాదు, బర్రెల లొల్లి."

ఇరవై నిమిషాల్లో యాకుత్‌పురాలో ఉన్నాను. వైరు ఆ తొమ్మిది పిన్నుల మీద కూర్చున్నప్పుడు వచ్చిన చిన్న టక్ శబ్దం విని ఆపా, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మరలు బిగించాను. డిజైన్ వెళ్ళింది. సూది దిగింది. నాలుగు వేలు, ఆరు వేలు, పది వేలు. ఒక్క కుట్టు తప్పలేదు. ఆపా గోడ మీద అంకెలు రాస్తూ ఏదో కూనిరాగం తీసింది.

ఆ తర్వాత నాలుగు రోజులు నా జీవితం మొత్తం రెండు పాల వేళల మధ్య పరుగైంది. పొద్దున తొమ్మిదికి అక్క దగ్గర తీసుకోవడం, ఆటో ఎక్కడం, ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకోవడం, యాకుత్‌పురా రైల్వే గేటు పడితే దిగి పట్టాల అవతలికి నడిచి ఇంకో ఆటో పట్టుకోవడం, సాయంత్రం మళ్ళీ అదే దారిలో వెనక్కి రావడం. పొద్దున వెన్న లెక్కలు చూపిన తెర మధ్యాహ్నం జరీ పూలు చూపేది. కీబోర్డు సందుల్లో ఒకవైపు పాల మరకలు, ఇంకోవైపు జరీ పొడి. రెండో రోజు రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ మిషన్ అంతా మరిచిపోయింది, రెండుసార్లూ కూర్చోబెట్టి మళ్ళీ నేర్పించాను. ల్యాప్‌టాప్ అక్కడ ఉన్నంతవరకు నాకు ఏ భయమూ లేదు. మూడో దుపట్టా మడత పెట్టేటప్పుడు ఆపా "నవాబ్ సాబ్, ఇట్ల రోజూ ఉరికితే మీ నడుము జర వంగుతదేమో," అంది. వంగలేదు.

ఐదో రోజు వచ్చింది. చివరి దుపట్టా, పెళ్ళికూతురిది. దాని అంచు అన్నిటికంటే వెడల్పు. నాలుగు గంటలకు చూస్తే ఇంకా యాభై నిమిషాల పని మిగిలింది. షాపు కారు ఆరింటికి వస్తుంది. నేను నాలుగున్నరకు సంతోష్‌నగర్‌లో ఉండాలి.

"డిజైన్ మొత్తం మిషిన్ లోపల ఉన్నది ఆపా. కరెంటు ఉంటే చాలు, దానంతట అదే ముగిస్తది," అన్నాను.

"పోతే?"

"పోదు."

"కరెంటోళ్లు మీ సుట్టాలా, రిష్తేదారులా?"

అక్కకూ మాటిచ్చాను కదా. మరలు విప్పి ల్యాప్‌టాప్ తీసుకుని బయల్దేరాను. సరిగ్గా నాలుగున్నరకు కౌంటర్ మీద పెట్టాను. అప్పటికే పదిమందికి పైగా క్యాన్లతో లైనులో ఉన్నారు. అక్క పాల మిషన్ వైరు తగిలిస్తుండగా నా ఫోన్ మోగింది.

"కరెంట్ గయా," అంది ఆపా. ఆమె గొంతులో హాస్యం లేదు. "ఇప్పుడే పోయింది. ఇరవై నిమిషాల పని ఉన్నది. నంబర్ రాసుకున్న."

ఫోన్ జేబులో పెట్టుకుని నిలబడ్డాను. అక్క నా మొహం చూసింది. ఏం జరిగిందో చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నాదైతే నేనిస్తుంటి దొరా. గీ పాలు నావి కావు. వాళ్లను అడుగు."

లైను వైపు తిరిగాను. తలపాగాలు, లుంగీలు, మోచేతికి వేలాడే క్యాన్లు, ఒకరిద్దరు ఆడవాళ్ళు. అందరూ నన్నే చూస్తున్నారు. మా ఇంట్లో ఎవరైనా ఇంతమందిని ఒకేసారి ఏదైనా అడిగారా? చెప్పడమే తెలుసు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఈ ల్యాప్‌టాప్ నాకు ఒక గంట కావాలె. యాకుత్‌పురాల ఒక పెద్దమ్మ మిషిన్ ఆగిపోయింది. ఇయ్యాల ఆమె పని గాకపోతే ఆ మిషిన్ పాత ఇనుము కిందికి పోతది. మీ అందరిని అడుగుతున్న. ఒక గంట ఆగుండ్రి."

లైను ముందర ఉన్న తెల్లమీసాల ముసలాయన క్యాను కింద పెట్టాడు.

"మీది దేవిడోళ్ల ఖాందాన్ గదా?" అన్నాడు.

"అవును."

"మీ తాత జమానల మా తాత మీ దేవిడి ముంగట పొద్దంత నిలబడెటోడంట, దొర బైటికొచ్చేదాక. మా నాయిన జెప్పెటోడు."

"నిజమే అయ్యుంటది," అన్నాను. 

ముసలాయన లైను వైపు తిరిగాడు. "మనం గంట నిలబడితే ఏమైతదిరా, మనకు అలవాటే గదా." కొందరు నవ్వారు. నవ్వులో కొంచెం కారం ఉంది, కాదనను. వెనక నుంచి ఒకామె, "పాలు ఇరుగుతయి, గట్లెట్ల?" అంది. "ఐసు నీళ్ల తొట్టిల పెట్టుండ్రి," అని అక్క తొట్టి మీద మూత లాగేసింది. క్యాన్లు ఒక్కొక్కటిగా నీళ్ళలోకి దిగుతుంటే ఆ చప్పుడుకు నా ఒళ్ళు పులకరించింది.

"ఈ టైముల రద్దీల ఆటోల పోతే గంటల రారు," అన్నాడు బండి మీద కూర్చున్న ఒకాయన. "ఎక్కుండ్రి దొరా."

ఆయన బండికి రెండు వైపులా ఖాళీ క్యాన్లు వేలాడుతున్నాయి. వాటి మధ్య, సీటు మీద మిగిలిన జానెడు చోటులో, ల్యాప్‌టాప్‌ను గుండెలకు హత్తుకుని కూర్చున్నాను. అలా కూర్చుంటే వీపు నిటారుగా తప్ప ఇంకోలా ఉండదు. బండి కదిలింది. క్యాన్లు గల్లీ మొత్తానికి వినపడేలా గణగణమన్నాయి. ఆయన బస్సుల పక్క నుంచి, బండ్ల సందుల్లోంచి, నేను ఎన్నడూ చూడని గల్లీల్లోంచి పోనిచ్చాడు. "జర కాళ్లు దగ్గరికి పెట్టుండ్రి," అనేవాడు సందు వచ్చినప్పుడల్లా. ఒకచోట చేపల బండివాడు తిట్టాడు, మేమూ తిట్టాం. నేను తిట్టిన మాట ఇక్కడ రాయను. మా తాతగారి దేవిడి ఉన్న వీధి కూడా దాటామని తర్వాత బండాయన చెప్పాడు. నేను గమనించలేదు. నా చూపంతా కరెంటు స్తంభాల మీద, దుకాణాల బల్బుల మీద ఉంది. యాకుత్‌పురా మలుపులో ఒక చాయ్ హోటల్ బల్బు వెలిగి ఉంది.

"కరెంటొచ్చింది," అని అరిచాను. బండాయన ఉలిక్కిపడ్డాడు.

ఆపా గుమ్మంలోనే ఉంది, చేతిలో వైరు పట్టుకుని. వైరు అందుకున్నాను. టక్. మరలు. డిజైన్ వెళ్తుంటే తెర మీద గీత నెమ్మదిగా నిండుతుంది కదా, దాన్ని అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూడలేదు. బండాయన నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఆపా గోడ మీది ఆఖరి అంకెను రెండుసార్లు చదివి, మిషన్‌ను అక్కడిదాకా, అక్కడి నుంచి కుట్టు ఆగిన చోటిదాకా తెచ్చింది. సూది కిందికి దిగే ముందు ఆమె "బిస్మిల్లా" అంది. దిగింది. ఆగిపోయిన పూరేకు దగ్గర పాత కుట్టు పక్కనే కొత్త కుట్టు పడింది. వెంట్రుకంత తేడా లేదు.

"అర్రె, ఏడ ఆగెనో ఆడికెల్లే షురూ చేసింది," అన్నాడు బండాయన. "మస్తున్నదిరా బై."

ఉండి చూడాలని ఉంది. కానీ అక్కడ గంట నడుస్తోంది. మరలు విప్పి మళ్ళీ బండెక్కాను.

మేం కేంద్రం చేరేసరికి లైను అలాగే ఉంది. కొందరు గోడకు ఆనుకుని కూర్చున్నారు, ఒకరిద్దరు బీడీలు కాలుస్తున్నారు. గంట కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. అక్క వైరు తగిలించి నన్ను పక్కకు పోనివ్వలేదు.

"నిలబడి ఫ్యాట్ సద్వు దొరా. నేను పాలు పోస్త, లైను జల్ది కదుల్తది."

కౌంటర్ వెనక నిలబడ్డాను. మొదటి క్యాను ఆ తెల్లమీసాల ముసలాయనది. అక్క చిన్న గ్లాసుతో పాలు తీసి మిషన్ కింద పెట్టింది. తెర మీద అంకె వచ్చేలోపల నా జేబులో ఫోన్ మోగింది. ముసలాయన కదలకుండా నన్నే చూస్తున్నాడు. లైనంతా చూస్తోంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఖతమ్," అంది ఆపా. వెనక మిషన్ చప్పుడు లేదు. "ఐదోది భీ మడత పెట్టిన. కారు బైటనే ఉన్నది. డ్రైవర్ చాయ్ అడుగుతున్నడు, వానికి చాయ్ పోస్తున్న."

"అయింది," అన్నాను లైనుతో. బండాయన ఒక ఖాళీ క్యానును చేత్తో డప్పులా కొట్టాడు.

ముసలాయన మాత్రం మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "మంచిగాయె. ఇగ నాది సూడు."

తెర మీద అంకె వచ్చి ఉంది. "ఆరు పాయింట్ ఎనిమిది," అన్నాను.

"గట్టిగ సద్వు. ఎనక నిలబడ్డోళ్లు నమ్మరు."

గట్టిగా చదివాను.

"ఇంకోపాలి," అన్నాడు.